ఎండ పడే వైపు కిటికీ

ఒకటో పేజీ. జూలై 9. కాకినాడ గాలిఓడల రేవు.

ఈ పుస్తకం శీతలి కంపెనీ వాళ్లిచ్చారు. అట్ట మీద నీలం సముద్రం బొమ్మ వేసి, "నా ఓదార్పు ప్రయాణం" అని అచ్చు కొట్టారు. ప్రతి పేజీకీ పైన ఒక ప్రశ్న ఉంది. రోజూ ఎంతో కొంత రాయాలట. డర్బన్‌లో దిగేటప్పుడు పుస్తకం వాళ్ల చేతికిస్తేనే తిరుగు టిక్కెట్టు మీద ముద్ర వేస్తారట. పదో తరగతి దాటని దాన్ని. రొయ్యల షెడ్డులో ఇరవై రెండేళ్లు తలలు తీసిన దాన్ని. నా చేత పుస్తకం రాయిస్తున్నారు. సరే, రాస్తాను. మీరే కదా చదివేది, చదవండి.

ఈ పేజీ ప్రశ్న: "ఈ రోజు మీ మనసు ఎలా ఉంది?"

మండుతోంది.

నా కూతురు యామిని పోయి ఏడు నెలలైంది. సముద్రం వేడెక్కిపోతోందని, ఎండని ఆకాశంలోకి తిప్పి పంపడానికి నడిసముద్రంలో తెప్పల మీద మీ కంపెనీయే అద్దాలు పరిచింది కదా, ఆ అద్దాలు తుడిచే పని దానిది. డిసెంబరు తుఫానుకి తెప్పలు విరిగాయి. ముప్పై ఎనిమిది మంది పోయారు. ప్రాణాలతో బయటపడ్డవాళ్లలో కెజియా అనే పిల్ల మా ఇంటికొచ్చి, నా కాళ్ల దగ్గర కూర్చుని చెప్పింది. "నా చేతుల్లోనే పోయింది ఆంటీ. పదకొండో తెప్ప పక్కన, అందర్నీ ఒక్కచోటే నీళ్లలోకి దింపారు." నాకు దాని చెయ్యి కూడా చూపించలేదు మీరు. ఒక ఉత్తరం పంపారు. తెప్పలన్నీ తీసేశాం, అంతా శుభ్రం చేశాం, అక్కడ ఇప్పుడు ప్రశాంతమైన సముద్రం మాత్రమే ఉంది అని.

ఉత్తరంతో పాటు ఒక ఉచిత టిక్కెట్టు. ప్రపంచంలో ఎక్కడికైనా, మీకు నచ్చిన కిటికీ పక్కన. దాని మీద మబ్బుల్ని చూసి నవ్వుతున్న ఆడమనిషి ఫొటో.

నాకు నచ్చిన కిటికీ ఏదో అప్పుడే తెలిసింది. డర్బన్ వెళ్లే గాలిఓడ ఒక్కటే ఆ దారిన పోతుంది. మూడో రోజు మధ్యాహ్నం రెండు గంటలకి ఆ చోటు దాటుతుంది. ఒక్కసారి ఆ నీళ్లు నా కళ్లతో చూస్తాను. అంతే నేనడిగేది.

అదే రోజు, ఓడ లేచాక.

తప్పు జరిగింది. నా తమ్ముడు చరణ్ చేసిన తప్పు.

వాడు ముప్పై ఏళ్లు బస్సు కండక్టరు. సీటు నేనే తీస్తానక్కా, నీకేం తెలుసు అన్నాడు. సరే అన్నాను. ఎక్కి చూస్తే ఎడమవైపు కిటికీ. నడిసముద్రంలో తెప్పలుండే చోటు కుడివైపు వస్తుందని యామిని ఎన్నిసార్లు చెప్పిందో! "నువ్వు ఎప్పుడైనా ఈ దారిన వస్తే కుడిపక్క కూచోమ్మా, ఎండకి భయపడకు" అనేది. ఓడ ఇంకా తీరం దాటలేదు కదా అని వాడికి ఫోన్ చేశాను.

"ఒరే, ఎడమవైపు ఎందుకు తీశావురా?"

"అదేంటక్కా! మజ్జానం ఎండంతా కుడిపక్కే కొడతాది. నీడ వైపు తీశాను. నీ మొహం మాడిపోదూ?"

"నేను ఏలూరు పోతున్నానట్రా?"

వాడు చిన్న గొంతుతో, "ఎవరెక్కినా నీడ వైపే అడుగుతారక్కా. చేతికి అదే అలవాటైపోయింది" అన్నాడు. ఏడుస్తున్నాడని తెలిసింది. ఫోన్ పెట్టేశాను. ఎవరి మీద అరవాలో వాళ్లు దొరక్క వాడి మీద అరిచాను.

రెండో పేజీ. జూలై 10.

ప్రశ్న: "ఈ రోజు మీరు ఎవరితో స్నేహం చేశారు?"

కుడివైపు పద్నాలుగో కిటికీ దగ్గర కూర్చున్న లోహిత్ మాస్టారితో. అయితే స్నేహం కంటే ముందు పోట్లాట అయింది.

ఆయన భూగోళం చెప్పి రిటైరయ్యారు. పెట్రోలు విమానాలు ఆగిపోయి ఈ గాలిఓడలు వచ్చినప్పటి నుంచి ఏడాదికొకసారి ఎక్కుతారట. మెడలో దుర్భిణి, ఒళ్లో పటం. సీటు మార్చుకుంటారా అని అడిగాను.

"అమ్మా, ఈ కిటికీ కోసం ఆర్నెల్ల ముందు చెప్పుకున్నానండీ. పదకొండు నుంచి పదమూడు దాకా ఓడని తోసే మరచక్రం నీడ పడతాది. ఇరవై దాటితే కిందకి చూస్తే ఓడ పొట్టే కనపడతాది. పద్నాలుగే పద్నాలుగు. నాలుగో రోజు అగ్నిపర్వతం దీవి ఇటేపే వస్తాది. అది వదిలేసి ఎడమ పక్కకి రమ్మంటే ఎలాగండీ?"

"నాకు మీ అగ్నిపర్వతం వద్దు. రేపు మధ్యాహ్నం ఒక్క గంట ఇవ్వండి."

"ఒక్క గంటా? రేపు మజ్జానం చూడ్డానికి ఏముందండీ, ఉత్త నీళ్లు."

"ఆ ఉత్త నీళ్లలో నా కూతురుందండీ."

ఆయన దుర్భిణి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. చాలాసేపు దాని తాడు చుట్టారు, విప్పారు. "ఒంటిగంట నుంచి మూడు దాకా మీదేనమ్మా. నేను పక్కన నిలబడతాను" అన్నారు. తర్వాత మెల్లగా అన్నారు. "పోయినేడు ఆ చోట మెరుపులు చూశాను. మూడు మెరిసి ఆగేవి, మళ్లీ మూడు. ఓడలో అందరం చేతులూపాం."

అవి మా యామిని వాళ్ల మెరుపులే. అక్కడ అది వాళ్ల పద్ధతి. గాలిఓడ కనపడితే చాలు, పని ఆపి ఒక అద్దాన్ని ఎండకి తిప్పి మూడుసార్లు మెరిపిస్తారు. ఎవరు పోతున్నారో తెలీదు, ఎక్కడికి పోతున్నారో తెలీదు. "అయినా తిప్పుతాం అమ్మా. మేమున్నాం అని. పైనుంచి ఎవరైనా పళ్లెం మెరిపిస్తే మాకు చుక్కలా కనపడతాది. ఆ రోజంతా అదే మాట్లాడుకుంటాం" అని చెప్పేది.

అదే రోజు, అన్నం తిన్నాక.

పన్నెండున్నరకి కిటికీలన్నీ వాటంతటవే నల్లబడ్డాయి. నిన్న కూడా ఇలాగే అయితే మబ్బు పట్టిందనుకున్నాను. కాదట. నిద్ర గంట అట. అద్దంలోనే ఏదో ఉంది, డ్రైవరు గదిలో మీట నొక్కితే అన్నీ ఒకేసారి నల్లబడతాయి. మన దగ్గర మీట లేదు, తెర లేదు.

ఓడలో అందరికీ వడ్డించే ఎస్తేరు నరసాపురం అమ్మాయి. ఆమెని పిలిచి అడిగాను, "రేపు కూడా ఇలాగే చేస్తారా?"

ఆమె పళ్లేలు తీస్తూ తీస్తూ ఆగింది. "రేపు నిద్ర గంట మార్చారాంటీ. రెండు నుంచి మూడు దాకా."

"ఎందుకు మార్చారు?"

"ఈ డర్బన్ దారిలో మూడో రోజు ఎప్పుడూ అంతేనాంటీ. జనవరి నుంచి. నీళ్ల మీద ఎండ మెరుపు కళ్లకి మంచిది కాదని పైవాళ్లు రాసి పంపారు."

ఈ ఓడ కూడా శీతలి కంపెనీదే అని అప్పుడు గుర్తొచ్చింది. గోడ మీద వాళ్ల ముద్ర నిన్నటి నుంచీ నా ఎదురుగానే ఉంది.

నా కళ్లకి మంచిది కాదట! డిసెంబరులో నా బిడ్డని నీళ్లలో వదిలినప్పుడు మంచేదో చెడ్డేదో ఎవరూ చూడలేదు. ఇప్పుడు నా కళ్ల మీద ఇంత ప్రేమ పుట్టింది. మీకు నచ్చిన కిటికీ అని రాసిన చేత్తోనే ఆ కిటికీకి మసి పూస్తారా? ఇంకా ఏమేం అన్నానో గుర్తు లేదు. గొంతు పెరిగిపోయి చుట్టూ ఉన్నవాళ్లు లేచారు. ఎస్తేరు నా భుజం పట్టుకుని, "ఆంటీ, నేను జీతానికున్నదాన్ని. మీట నా చేతిలో లేదు" అంది. ఆ మాట నిజమే. ఆమె మీద కూడా ఊరికే అరిచాను.

నా సీటుకి వచ్చి కూర్చున్నాను. అప్పుడే చూశాను.

నాకు వేళ్ల నొప్పి. ఇరవై రెండేళ్లు ఐసులో పెట్టిన వేళ్లు, ఇప్పుడు ఐసు పట్టుకుంటే తప్ప నిమ్మళించవు. అన్నంతో పాటు ఇచ్చిన ఐసుముక్కలు స్టీలు గ్లాసులో వేసుకుని, పట్టుకుని పట్టుకుని, కిటికీలు నల్లబడక ముందే గట్టు మీద అద్దానికి ఆనించి పెట్టాను. గ్లాసు తీస్తే, నల్లటి అద్దంలో దాని మేర తెల్లగా ఉంది. అరచెయ్యంత చోటు. అందులోంచి నీళ్లు కనపడుతున్నాయి.

వేలు పెట్టి చూశాను. మంచులా ఉంది. కాసేపటికి అంచుల నుంచి నలుపు పాకుతూ వచ్చి మూసేసింది.

ఏం జరిగిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. షెడ్డులో పొద్దున్న మొదటి గంటలో కత్తికి వేలు తెగితే తెలుస్తుంది. మూడో గంటకి వేళ్లు మొద్దుబారిపోతాయి, తెగినా తెలియదు, మేస్త్రి అరిచినా చెయ్యి తొందరగా కదలదు. ఈ అద్దం కూడా అంతే. చలికి మొద్దుబారింది. పైనుంచి నల్లబడమని చెప్పినా దానికి వినపడలేదు.

ఎస్తేరుని మళ్లీ పిలిచాను. "అమ్మాయ్, ఐసు అడిగినవాళ్లకి ఇవ్వకూడదని ఏమైనా రూలుందా?"

"లేదాంటీ. ఎందుకూ?"

"వేళ్ల నొప్పి."

మూడో పేజీ. జూలై 11.

ప్రశ్న: "ఈ రోజు మీకు నచ్చిన దృశ్యం ఏది?"

పొద్దున మాస్టారికి ఐసు సంగతి చెప్పాను. ముందు నమ్మలేదు. ఆయన కిటికీకి ఎదురుగా, గడియ వేస్తే నల్లబడే స్నానాల గది అద్దం మీద పెట్టి చూపించాను. పావుగంట పెడితే పది నిమిషాలు తెల్లగా ఉంటుంది. నల్లబడక ముందే పెట్టాలి. నల్లబడ్డాక పెడితే నలుపే మొద్దుబారి కదలదు. అది తెలుసుకోవడానికి మాకు పొద్దున్నంతా పట్టింది.

మాస్టారు ఊరుకోలేదు. కుడివైపు వరస మొత్తం తిరిగి, క్లాసులో చెప్పినట్టు చెప్పుకొచ్చారు. "ఆవిడ కూతురండీ. రెండు గంటలకి కిటికీలు మూసేస్తారండీ. ఐసు పట్టుకోవాలి. ఆయ్, మీరూ పట్టుకోండి, మీ అబ్బాయి పెళ్లి ఫొటోలు సాయంత్రం చూస్తాను."

ఒకాయన అన్నాడు, "ఆవిడ ఒక్క కిటికీ చాలు కదండీ, మాకెందుకు?"

ఆ వెనక కూర్చున్న ముసలామె అందుకుంది. "నీ కిటికీ మీద కూడా మసే కదయ్యా పూసేది. నీకు కోపం రాలేదా? నాకొచ్చింది. ఇటియ్యి ఐసు."

ఒకటీ నలభై అయిదుకి ఎస్తేరు బకెట్టు తెచ్చి నడవలో పెట్టింది. ఎవరి వంకా చూడలేదు. "ఐసు కావాల్సినవాళ్లు తీసుకోండి" అని వెనక్కి తిరిగి నిలబడింది.

వరసలో ఒప్పుకున్నవి పద్దెనిమిది కిటికీలు. నేను కాక పద్దెనిమిది మంది ఐసు పట్టుకుని అద్దానికి అదిమారు. అరనిమిషం కాకుండానే అబ్బా అమ్మా అని మొదలుపెట్టారు. మాస్టారైతే కుడి చెయ్యి, ఎడమ చెయ్యి మార్చుకుంటూ, "మీరెలా పట్టుకుంటున్నారమ్మా?" అన్నారు. "రొయ్యల్ని అడగండి" అన్నాను. ఏడు నెలల్లో నా నోట్లోంచి వచ్చిన మొదటి వేళాకోళం అది. జేబురుమాలు చుట్టి పట్టుకోమని అందరికీ చెప్పాను. నేను ఉత్త చేత్తోనే పట్టుకున్నాను.

సరిగ్గా రెండుకి చీకటి కమ్మింది. ఓడ మొత్తం నల్లబడింది. ఐసు తీశాం. ఆ నలుపులో వరసగా పద్దెనిమిది తెల్లటి బిళ్లలు. వాటిలోంచి ఎండ లోపలికి పడింది.

నేను నా బిళ్లకి కన్ను ఆనించాను.

ముందు ఉత్త నీళ్లే. తర్వాత పగిలిన అప్పడాల్లా ముక్కలు. అద్దాలు. విరిగి, ఒకదాని మీదికొకటి ఎక్కి, మైళ్ల తరబడి. తీసేశామన్నారే! శుభ్రం చేశామన్నారే! ఒక్కటి కూడా తీయలేదు. మధ్యలో కొన్ని తెప్పలు తాళ్లతో కట్టి ఉన్నాయి. ఒకదాని మీద తెల్లరంగుతో పెద్దగా పదకొండు అంకె ఉంది. అది చూడగానే నా చూపు అక్కడే ఆగిపోయింది. దాని పక్కన నీళ్లు నల్లగా, నిదానంగా ఉన్నాయి. యామినీ, వచ్చానే అన్నాను. పైకే అన్నాను.

అప్పుడు మెరిసింది.

మూడుసార్లు. ఆగింది. మళ్లీ మూడుసార్లు.

ఒక్క క్షణం నేనేమనుకున్నానో రాయను. ఏ తల్లయినా అదే అనుకుంటుంది. తర్వాత మాస్టారు దుర్భిణి నా చేతిలో పెట్టారు. చూశాను. పదకొండో తెప్ప మీద నీలం పట్టా కట్టిన గుడిసె ఉంది. తాడు మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. మనుషులున్నారు. పది మంది దాకా. ఇద్దరు కలిసి ఒక పగిలిన అద్దాన్ని మా వైపు తిప్పుతున్నారు. మా యామిని కింద ఉంది. పైన ఉన్నది ఎవరి పిల్లలో.

అదే తెప్ప. తుఫానుకి విరిగిన తెప్ప. దాన్నే తాళ్లతో కట్టి, కొత్త పిల్లల్ని తెచ్చి, నా బిడ్డని వదిలిన నీళ్ల మీదే మళ్లీ అద్దాలు తుడిపిస్తున్నారు. ప్రాణం కాపాడే పడవ ఒక్కటీ లేదు, వెతికాను. మాస్టారూ వెతికారు. మళ్లీ డిసెంబరుకి అయిదు నెలలుంది. జనవరి నుంచి ఈ దారిన పోయిన ప్రతి ఓడకీ ఈ పిల్లలు మేమున్నాం అని మెరిపిస్తూనే ఉన్నారు. ప్రతి ఓడా కళ్లు మూసుకుని వెళ్లిపోయింది. వాళ్లు ఏమనుకుని ఉంటారు? పైన ఉన్నవాళ్లకి పట్టదు అనుకోరూ?

నా టిఫిన్ డబ్బా మూత తీసి, బిళ్లలోంచి పడుతున్న ఎండకి పట్టాను. ఇటు తిప్పాను, అటు తిప్పాను. అది వాళ్ల దాకా వెళ్లిందో లేదో నాకేం తెలుసు! మూడుసార్లు తిప్పాను, ఆపాను. పక్క కిటికీ దగ్గర ముసలామె తన గాజుల చెయ్యి పెట్టింది. వెనక ఎవరో పళ్లెం పెట్టారు. పళ్లేలు, గిన్నె మూతలు, చేతి అద్దాలు, వరస చివరి దాకా.

కింద మెరుపులు ఆగిపోయాయి.

తర్వాత ఒక్కటి కాదు, నాలుగు తెప్పల మీద నుంచి ఒకేసారి మొదలయ్యాయి. మూడూ, మూడూ, మూడూ. ఆగలేదు. నా బిళ్లకి అంచుల నుంచి నలుపు పాకుతూ వచ్చింది. ఐసు అయిపోయింది. చివరికి బఠాణీ గింజంత చోటు మిగిలింది. అందులో కూడా మెరిసింది.

నాకు నచ్చిన దృశ్యం ఇదే. రాసుకోండి.

నాలుగో పేజీ. జూలై 12.

ప్రశ్న ఏదో ఉంది. కొట్టేశాను.

నిన్న ఆ చోటు దాటగానే మాస్టారు తన పటం మీద గుర్తు పెట్టారు. రెండూ నాలుగు నుంచి రెండూ పది దాకా అని రాశారు. పద్దెనిమిది మంది తలా ఒక కాగితం మీద తాము చూసింది తమ చేత్తో రాసి, సంతకం పెట్టారు. మాకెందుకు అన్నాయన అందరికంటే పొడుగ్గా రాశాడు, ఆరేసిన బట్టల రంగులతో సహా. ఎవరి కాగితం వాళ్ల సంచిలోనే ఉంది. నా దగ్గర ఒక్కటీ లేదు, వెతక్కండి.

నిన్న సాయంత్రం ఎస్తేరు వచ్చి నా పక్కన కూర్చుంది. "నేనూ రాస్తానాంటీ. మీ పుస్తకంలో నా పేరూ దాచకండి" అంది.

"నీ ఉద్యోగం పోతాదే అమ్మాయ్."

"జనవరి నుంచి నెలకి రెండుసార్లు ఆ చోటు దాటుతున్నానండీ. కిటికీలు మూశారా అని వరసంతా తిరిగి చూసేది నేనే. ఏం కనపడకుండా చూడ్డమే నా పని. ఏముందో నేనెప్పుడూ చూడలేదు. అడగనూ లేదు." కలం అందుకుని, "మా చెల్లి కూడా పనికెళ్లింది. సముద్రం మీద అని చెప్పింది గానీ, ఎక్కడో చెప్పనివ్వలేదు" అంది.

ఆమె రాయడం అయ్యేదాకా కాగితం కదలకుండా అంచు పట్టుకున్నాను.

పొద్దున అగ్నిపర్వతం దీవి వచ్చింది. మాస్టారు నన్ను కూడా పిలిచారు. బాగుంది. ఆయన మాత్రం దాని వైపు సరిగ్గా చూడలేదు.

చివరి పేజీ. జూలై 13. డర్బన్.

ఓడ దిగుతోంది. కింద మీ మనిషి బల్ల వేసుకుని, ముద్ర పట్టుకుని, ఈ పుస్తకం కోసం ఎదురు చూస్తున్నాడు. ఇచ్చేస్తాను. నాకు తిరుగు టిక్కెట్టు కావాలి, ఆ దారినే పోవాలి. పుస్తకం మీరు చింపినా, కాల్చినా, ఊళ్లోకి పోయే పద్దెనిమిది కాగితాల్ని ఏం చేయలేరు. ఎస్తేరుది కలిపితే పంతొమ్మిది.

చివర్లో ఒక చిన్న ఫారం పెట్టారు. చదువు తక్కువైనా ఫారాలు నింపడం వచ్చు నాకు.

"తిరుగు ప్రయాణానికి మీకు ఏ వైపు కిటికీ కావాలి?"

ఎడమవైపు. వెళ్లేటప్పుడు కుడి, వచ్చేటప్పుడు ఎడమ. మధ్యాహ్నం ఎండ పడే వైపు. ఈసారి సీటు నేనే చెప్పుకుంటున్నాను. రేవులో సిగ్నలు రాగానే తమ్ముడు ఫోన్ చేసి, "ఏ పక్కక్కా?" అని అడిగాడు. చెప్పాను. సరే, మళ్లీ వెళ్లేటప్పుడు నేనూ వస్తాను, నన్ను కూడా ఎండ వైపే కూచోబెట్టు అన్నాడు.

"ఈ ప్రయాణాన్ని మీరు ఇంకెవరికైనా సిఫారసు చేస్తారా?"

చేస్తాను. యామినితో పాటు పోయిన ముప్పై ఏడు మంది ఇళ్లవాళ్లకి. మీరు నాకిచ్చినట్టే వాళ్లకీ ఒక్కొక్క టిక్కెట్టు ఇచ్చారు, నచ్చిన కిటికీ అని రాసి మరీ. అవి ఇంకా వాళ్ల బీరువాల్లోనే ఉన్నాయి. ఇంటికి చేరగానే ఒక్కొక్క గడపా ఎక్కి చెబుతాను. అందరం ఒకే ఓడలో వస్తాం. నవంబరులోనే వస్తాం, తుఫాను కంటే ముందు. అందరికీ అద్దాలు పట్టుకు రమ్మని చెబుతాను, పెద్దవి.

"మా సేవలు మెరుగుపరచడానికి మీ సలహా?"

ఐసు ఎక్కువ పెట్టండి.

— యామిని తల్లి, తేజశ్రీ